వీపు మీద రెండు బుడిపెలు, పొట్టకు అతుక్కున్న మగ చేప: ఇది ఏ కుటుంబం?

పాకాల_గాలం

అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర. సెలవు దొరికితే పాకాల చెరువు గట్టు మీద గాలం వేసుకుని కూర్చునే మనిషిని. చదువు ఇంటర్ దాకే, తప్పు రాస్తే సర్దుకోండి.

మా బిడ్డ తొమ్మిదో తరగతి. స్కూల్లో సైన్స్ ఫెయిర్ ఉందంటే యాంగ్లర్ ఫిష్ చేస్తానంది. "నాన్నా, నువ్వు చేపకు గాలం వేస్తవు, ఇక్కడ చేపే గాలం వేస్తది" అని నన్నూ కూర్చోబెట్టింది. ఫోన్లో దొరికిన ఒక ఫొటో చూసి థర్మాకోల్ చెక్కినం. పైన గరుకు కాగితం అంటించి నల్ల రంగు కొట్టినం. నెత్తి మీద గాలం కర్రకు సైకిల్ స్పోక్. ఫొటోలో ఉన్నట్టే వీపు మీద రెండు బుడిపెలు పెట్టి, పొట్ట కింద వేలెడంత మగ చేపను ఎం-సీల్‌తో అతికించినం.

జడ్జిగా వచ్చిన సార్ మూడు తప్పులు తీశారట. యాంగ్లర్ ఫిష్ బంతిలా గుండ్రంగా ఉండాలి, ఇది పొడుగ్గా ఉంది అన్నారు. వీపు మీద గడ్డలు ఏ బొమ్మలోనూ చూడలేదన్నారు. గాలాన్ని వెనక్కి లాగితే స్పోక్ రెండో కొస వీపులోంచి బయటికి పొడుచుకొస్తున్నది, పని నీట్‌గా లేదన్నారు. ఆఖరుకు "దీని కుటుంబం ఏది?" అని అడిగితే మా పిల్ల "ఆడ చేప, మగ చేప, ఇద్దరే సార్" అన్నదట. హాలంతా నవ్విన్రట. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

మూడో తప్పు మాత్రం మాదే. స్పోక్ పొడుగైంది, కొయ్యడానికి బద్ధకించిన. మిగతా రెండూ నిజంగా తప్పులేనా? ఇది ఏ కుటుంబం చేప?

కాజీపేట_జంక్షన్

అన్నా, యాంగ్లర్ ఫిష్ అంటే మెలనోసీటస్. 2025 మొదట్లో స్పెయిన్ వాళ్ల టెనెరిఫ్ దీవి దగ్గర పట్టపగలు నీటి పైకి వచ్చిన వీడియో అందరూ చూశారు కదా, అదే. నల్లగా, పొట్టిగా, నోరంతా పళ్లు. గడ్డలూ గిడ్డలూ ఏం లేవు. జడ్జి సార్ చెప్పింది కరెక్టే.

హన్మకొండ_జువాలజీ

కాజీపేట తమ్ముడూ, నువ్వు చూసిన చేప నిజమే, కానీ మామిడి అంటే బంగినపల్లి ఒక్కటే అన్నట్టు చెప్పావు. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను, కాస్త ఓపికగా రాస్తాను.

గాలం వేసే చేపలన్నీ లోఫిఫార్మిస్ అనే క్రమంలోవి. అందులో లోతు సముద్రంలో ఉండేవాటిది సెరాటియాయిడై అనే ఉపక్రమం. 11 కుటుంబాలు, సుమారు 170 జాతులు. టెనెరిఫ్ చేపది మెలనోసీటిడే కుటుంబం. జడ్జి గారి మనసులో ఉన్న బంతి చేప బహుశా హిమాంటోలోఫిడే కుటుంబంలోది, దాన్ని ఫుట్‌బాల్ ఫిష్ అనే అంటారు. మీ అమ్మాయి చేసింది ఈ రెండూ కాదు.

వీపు మీద బుడిపెలు అన్నారు చూడండి, అవే ఆధార్ కార్డు. ఆ బుడిపెలున్న కుటుంబం 11లో ఒక్కటే: సెరాటిడే. వాటిని కారంకిల్స్ అంటారు. చూడ్డానికి పులిపిర్లలా ఉంటాయి గానీ, పుట్టుక చూస్తే వీపు రెక్క పుల్లలే రూపం మార్చుకుని అలా అయ్యాయి. లోపల వెలుగునిచ్చే బ్యాక్టీరియా ఉన్న గ్రంథి ఉంటుంది. ఈ కుటుంబంలో ప్రజాతులు రెండే. రెండు బుడిపెలుంటే సెరాటియస్, మూడుంటే క్రిప్టోప్సారస్. మీ మోడల్‌కు రెండు ఉన్నాయి కాబట్టి సెరాటియస్.

ఒళ్లు పొడుగ్గా, పక్కల నుంచి నొక్కినట్టు ఉండటం, నోరు దాదాపు నిటారుగా పైకి తెరుచుకోవడం కూడా ఈ కుటుంబం లక్షణాలే. గరుకు కాగితం ఎందుకు అంటించారో గానీ అదీ సరిపోయింది. సెరాటియస్ చర్మం నిండా సన్నని ముళ్లుంటాయి.

ఇక మీరు ఒప్పుకున్న మూడో తప్పు. అది తప్పు కాదండీ.

జిలేబి చేప వండుకుంటారు కదా. వీపు మీద గుచ్చుకునే ముళ్ల వరుస ఉంటుంది. వేగిన తర్వాత ఆ రెక్కను పట్టి లాగితే ముళ్లతోపాటు కింద మాంసంలో దిగిన సూదుల్లాంటి ఎముకలు కూడా ఊడొస్తాయి. ఆ సూదులు ముళ్లకు పునాది. యాంగ్లర్‌లో ఆ వరుసలోని మొదటి ముల్లు నెత్తి మీదికి జరిగి గాలం కర్ర అయింది, దాని పేరు ఇల్లీషియం. కొసన వెలిగే ఎర బుడ్డి ఎస్కా. దాని కింది పునాది ఎముక సెరాటిడే కుటుంబంలో మరీ పొడుగు. నెత్తి నుంచి వీపు దాకా ఒక గాడిలో ముందుకూ వెనక్కూ జారుతుంది. ఎరను నోటి దగ్గరికి లాక్కున్నప్పుడు ఆ ఎముక వెనక కొస రెక్కకు ముందు, వీపులోంచి బయటికి పొడుచుకొస్తుంది.

మీ స్పోక్ చేసిన పని అదే. మీ బద్ధకానికి పది మార్కులు.

పాకాల_గాలం

మేడం, చదివి నాకు నోట మాట రాలేదు. బిడ్డకు చదివి వినిపిస్తే పరుగున పోయి మోడల్ తెచ్చి స్పోక్‌ను ముందుకూ వెనక్కూ ఇరవై సార్లు లాగి చూసింది. అన్నం కూడా తిన్నది.

గాలం కర్రను వెనక్కి లాగితే కొస మోచేయి వెనక పోతది, మేం రోజూ చేసే పనే. చేప ఒంట్లోనే అంత ఏర్పాటు ఉంటదని ఎవరనుకుంటరు.

డౌట్ల_రాజు

మేడం చెప్పింది బాగుంది కానీ నాకో డౌట్. బుడిపెలు, గాలం చూసి కుటుంబం చెప్తున్నారు. గాలం ఆడదానికే కదా ఉండేది? మగ చేప విడిగా దొరికితే అది ఏ కుటుంబమో ఎట్ల చెప్తారు? ఓటర్ లిస్టులో మొగుడి పేరు ఒక ఊర్లో, పెళ్లాం పేరు ఇంకో ఊర్లో పడ్డట్టు అయితది కదా.

హన్మకొండ_జువాలజీ

రాజు గారూ, మీరు సరదాకు అన్నారు గానీ సరిగ్గా అదే జరిగింది.

సెరాటియస్ హోల్‌బోలైకి 1845లో డెన్మార్క్ శాస్త్రవేత్త క్రోయర్ పేరు పెట్టారు. గ్రీన్‌లాండ్ దగ్గర దొరికిన చేప అది. గ్రీకులో కెరాస్ అంటే కొమ్ము, నెత్తి మీది కర్రను బట్టి ఆ పేరు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు వలల్లో పడిన పెద్ద యాంగ్లర్లన్నీ ఆడవే. మగవి ఏమయ్యాయని ఎవరికీ పట్టలేదు. అవి దొరుకుతూనే ఉన్నాయి, ఎవరూ గుర్తుపట్టలేదంతే. వేలి గోరంత నల్ల చేపలు, నెత్తి మీద గాలం లేదు. జర్మనీ వాళ్ల వాల్దీవియా నౌక 1898-99లో లోతు సముద్రాలు గాలించింది. అందులో దొరికిన అలాంటి చిన్న చేపలకు బ్రౌవర్ అనే ఆయన 1902లో అసెరాటియస్ అని పేరు పెట్టారు, అంటే కొమ్ము లేనిది. తర్వాత వాటికంటూ ఒక కుటుంబమే వెలిసింది, అసెరాటిడే. ఆడవాళ్లది ఒక కుటుంబం, మగవాళ్లది ఇంకో కుటుంబం!

1922లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్త బ్యార్ని సేముండ్సన్ పెద్ద ఆడ సెరాటియస్ పొట్టకు రెండు చిన్న చేపలు అతుక్కుని ఉండటం చూశారు. పిల్లలేమో అనుకున్నారు. పిల్లలు తల్లి పొట్టకు మూతితో ఎందుకు అతుక్కున్నాయో ఆయనకూ అంతుపట్టలేదు. 1925లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో చార్లెస్ టేట్ రీగన్ అలాంటిదాన్నే కోసి చూసి, అది పిల్ల కాదు మొగుడు అని తేల్చారు. ఆ తర్వాత కొమ్ములేని కుటుంబంలోని మగవాటిని ఒక్కొక్కటిగా అసలు కుటుంబాలకు అప్పగించాల్సి వచ్చింది. ఎరిక్ బెర్టెల్సన్ 1951లో డెన్మార్క్ నుంచి రాసిన పెద్ద గ్రంథంతో లార్వా, మగ, ఆడ మూడింటినీ జత చేయడం ఓ కొలిక్కి వచ్చింది.

మగవాటిని గుర్తుపట్టేది కళ్లు, ముక్కు చూసి. సెరాటిడే మగవాటికి గిన్నెల్లాంటి పెద్ద కళ్లు, చిన్న ముక్కు రంధ్రాలు. లైనోఫ్రైనిడే అనే ఇంకో కుటుంబం మగవాటికి ముక్కు కూడా పెద్దది, వాసన పట్టుకుని పోతాయి. సెరాటిడే మగది చూపు మీద ఆధారపడి వెలుగును వెతుక్కుంటుందని అనుకుంటారు. ఆడవాటి కళ్లు మాత్రం ఒళ్లు పెరిగే కొద్దీ పెరగవు, చివరికి ఆవగింజల్లా మిగులుతాయి.

కాజీపేట_జంక్షన్

సరే మేడం, ఒప్పుకుంటున్నా. అయితే ఈ మగ చేప ఇల్లరికపు అల్లుడన్నమాట 😄

మట్టెవాడ_అక్క

తమ్మీ, ఇల్లరికపు అల్లుడు కనీసం కంచంలో పెట్టింది తనే నమిలి తింటడు. వీడు అదీ చేయడు. పెద్దయినంక పళ్లు ఊడి, మూతి ముందు పటకారు లాంటి కొక్కేలు మొలుస్తాయి, పట్టుకోవడానికే తప్ప తినడానికి పనికిరావు. ఆడదాన్ని కరిచి పట్టుకుంటే మూతి చర్మం, ఆమె చర్మం కలిసిపోతాయి. రక్తనాళాలు కూడా కలుస్తాయి. అక్కడి నుంచి ఆమె తిన్నదే ఈయనకు తిండి. ఊపిరి మాత్రం సొంతం, మొప్పలు పనిచేస్తూనే ఉంటాయి.

అతుక్కున్న తర్వాత పెరుగుతడు కూడా. ఆడ హోల్‌బోలై 1.2 మీటర్ల దాకా ఉంటే, విడిగా ఈదేటప్పుడు సెంటీమీటరో రెండో ఉన్న మగది అతుక్కున్నాక జానెడు దాకా పోతది. కాబట్టి అన్నా, మీ బిడ్డ వేలెడంత పెట్టింది సరిగ్గనే ఉంది. క్రిప్టోప్సారస్ ఆడదానికైతే ఒక్కదానికే 8 మంది మొగుళ్లు అతుక్కుని దొరికారు. అల్లుళ్ల పంచాయితీ అక్కడ చూడాలె.

ల్యాబ్_టెక్నీషియన్_ఎంజీఎం_రోడ్

నాకు నవ్వు రాలేదు, వేరే సంగతి గుర్తొచ్చింది. మా మేనమామకు కిడ్నీ మార్చారు. ఇచ్చింది సొంత తోబుట్టువు. అయినా పొద్దున, రాత్రి మాత్రలు. ఒక పూట మరిచిపోతే ఇంట్లో అందరికీ టెన్షన్. సొంత రక్తసంబంధం కిడ్నీనే ఒళ్లు పరాయిదని తోసేస్తుంటే, ఎక్కడి నుంచో ఈదుకొచ్చిన చేపను ఆడ యాంగ్లర్ ఒళ్లు ఎలా ఒప్పుకుంటోంది?

ఈ ప్రశ్నకు 2020లో జవాబు వచ్చింది. జర్మనీలో ఫ్రైబుర్గ్ మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్లు, అమెరికా వాళ్లు కలిసి మ్యూజియంలలో దాచిన చేపల జన్యువులు చదివారు. మనకు ఒకసారి వచ్చిన రోగాన్ని గుర్తుపెట్టుకుని యాంటీబాడీలను పదును పెట్టే జన్యువు ఒకటి ఉంటుంది. మగ అతుక్కునే యాంగ్లర్లలో అది పనిచేయడం మానేసింది. ఫొటోకొరైనస్ లాంటి కొన్నింట్లో అసలు యాంటీబాడీలు, టి కణాలు తయారు కావడానికి కావలసిన రాగ్ జన్యువులే లేవు. మన పిల్లల్లో అవి లేకపోతే జలుబు కూడా ప్రాణం మీదికొస్తుంది. ఆ చేపలు మాత్రం లోతు నీళ్లలో బతికేస్తున్నాయి, మిగిలిన సహజ రక్షణతోనే ఎలాగో నెట్టుకొస్తున్నాయి.

మా మామకు చెప్తే "నన్నూ ఆ చేప కడుపున పుట్టిస్తే మాత్రల ఖర్చు తప్పేది" అన్నాడు.

డౌట్ల_రాజు

మళ్లీ నేనే. అన్ని చోట్లా మగదాన్ని పరాన్నజీవి అంటున్నారు. పరుల అన్నం తినేది పరాన్నజీవి. కానీ ఈయన తింటూ పని కూడా చేస్తున్నాడు కదా, వంశం నిలబెడుతున్నాడు. పేగులో నులిపురుగు మనకేం చేసి పెడుతుంది? ఆ మాట ఈయనకు అన్యాయం.

హన్మకొండ_జువాలజీ

మాట మీద నాకూ అభ్యంతరమే. క్లాసులో నేను "అతుకు మగ" అనేదాన్ని, పిల్లలు నవ్వేవాళ్లు. ఇంకో పొరపాటు కూడా ఉంది. యాంగ్లర్లలో మగవన్నీ ఇలాగే అతుక్కుంటాయని చాలామంది రాస్తారు. మెలనోసీటస్ మగది కాసేపు పట్టుకుని వదిలేస్తుంది. ఫుట్‌బాల్ ఫిష్‌లో అతుక్కున్న మగది ఇప్పటిదాకా దొరకలేదు. తప్పనిసరిగా, శాశ్వతంగా అతుక్కునేది కొన్ని కుటుంబాలలోనే, వాటిలో సెరాటిడే ఒకటి. పొట్టకు మగది అతుక్కుని ఉండటం కూడా మీ అమ్మాయి మోడల్ మెలనోసీటస్ కాదనడానికి ఒక సాక్ష్యం.

ఈ కుటుంబంలో నాలుగు జాతులే. సెరాటియస్‌లో మూడు. వాటి మధ్య తేడా ఎర బుడ్డి మీదనే: కొసన ఒక తోక లాంటి పోగు ఉంటే సాధారణంగా హోల్‌బోలై, రెండుంటే దక్షిణ సముద్రాల టెంటాక్యులేటస్, ఏమీ లేకపోతే యురానోస్కోపస్. నాలుగోది క్రిప్టోప్సారస్ కౌయెసై, 1883లో అమెరికా శాస్త్రవేత్త గిల్ పేరు పెట్టింది. క్రిప్టోప్సారస్ అంటే దాక్కున్న జాలరి. దీని కర్ర చాలా పొట్టి, ఎర బుడ్డి కండలోనే దాదాపు మునిగిపోయి ఉంటుంది, బుడ్డి నేరుగా నెత్తిన కూర్చున్నట్టు కనిపిస్తుంది.

పాకాల_గాలం

ఎర అంటే నాకు నోరూరుతది, అందుకే అడుగుతున్న. మేం వానపామును గుచ్చేటప్పుడు మొత్తం గుచ్చం. కొస ఒక అంగుళం వేలాడేటట్టు వదులుతం. అది మెలికలు తిరిగితేనే కొర్రమట్ట వస్తది, చచ్చిన ఎర మొహం చూడదు. ఈ చేప వెలుగు కూడా కదులుతదా, ఊరికే బల్బు లాగా వెలుగుతదా? ఆ వెలుగు ఎక్కడిది?

హన్మకొండ_జువాలజీ

కదిలిస్తుంది. కర్ర మొదట్లో కండరాలున్నాయి. మీ వానపాము కొసకు బదులు ఎస్కా మీద పోగులు వేలాడుతుంటాయి.

వెలుగు చేపది కాదు, బ్యాక్టీరియాది. బుడ్డి లోపల కిక్కిరిసి ఉంటాయి, బయటికి ఒక సన్న రంధ్రం ఉంటుంది. 2018లో వాటి జన్యువులు చదివితే, విడిగా బతికే చుట్టాలతో పోలిస్తే జన్యు సంపద సగం దాకా తరిగిపోయి ఉంది. అంటే ఇంట్లో కూర్చుని తినడం అలవాటైపోయింది. అయినా తల్లి నుంచి పిల్లకు రావు, ప్రతి పిల్లా పెద్దయ్యాక సముద్రం నీటి నుంచే తెచ్చుకోవాలి.

దీనికి వంకర కేసులున్నాయి. లైనోఫ్రైనీకి నెత్తి మీద బ్యాక్టీరియా దీపం, గడ్డం కింద ఇంకో దీపం. గడ్డం దీపానికి బ్యాక్టీరియా అక్కరలేదు, చేప సొంత వెలుగే. నియోసెరాటియస్‌కు అసలు గాలమే లేదు. థామాటిక్తిస్‌కు ఎర నోటి పైకప్పుకు వేలాడుతుంది, వచ్చిన చేప నేరుగా నోట్లోకే వస్తుంది.

మట్టెవాడ_అక్క

నోట్లోనే దీపం! మా అత్తగారు నా మీద అదే మాట వేరే అర్థంలో అంటది.

సముద్రం_చూడని_వాడు

నేను గోదావరి దాకే పోయిన, సముద్రం ఇంకా చూడలేదు. ఈ చేపలు మన బంగాళాఖాతంలో ఉన్నాయా, లేక అన్నీ గ్రీన్‌లాండ్, స్పెయిన్ ముచ్చట్లేనా?

హన్మకొండ_జువాలజీ

సెరాటిడే చేపలు ప్రపంచ సముద్రాలన్నింట్లో ఉన్నాయి. యాంగ్లర్ల సంగతికొస్తే మన బంగాళాఖాతానికి పాత లెక్కే ఉంది. ఇన్వెస్టిగేటర్ అనే సర్వే నౌకలో ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ అనే డాక్టరు పనిచేశారు, తర్వాత కలకత్తా ఇండియన్ మ్యూజియం చూసుకున్నారు. బంగాళాఖాతం అడుగు నుంచి వచ్చిన ఒక యాంగ్లర్‌కు ఆయన 1890లో పారోనైరోడెస్ అని పేరు పెట్టారు. తర్వాత దాన్ని డైసెరాటియస్‌లో కలిపేశారు. అది సెరాటిడే కాదు, పక్క కుటుంబం. అందులో ఆడదానికి గాలం కర్రలు రెండు. ఇందాక చెప్పిన కొమ్ములేని మగవాటిలో కూడా ఒకదానికి ఇండికా అనే పేరు ఇప్పటికీ ఉంది, లైనోఫ్రైనీ ఇండికా.

బతికి ఉన్నవాటిని చూసింది చాలా తక్కువ. మగది అతుక్కుని ఉన్న జంటను వీడియో తీసింది 2016లో, అజోర్స్ దీవుల దగ్గర 800 మీటర్ల లోతులో. అది కాలోఫ్రైనీ, ఇంకో కుటుంబంలోది. మన చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐఓటీ వాళ్లు ముగ్గురు మనుషుల్ని 6000 మీటర్ల లోతుకు దింపడానికి మత్స్య 6000 అనే చిన్న జలాంతర్గామి తయారు చేస్తున్నారు. వాళ్ల కిటికీ ముందుకు ఒక సెరాటియస్ వస్తే చాలు.

కాజీపేట_జంక్షన్

మేడం, అయితే జడ్జి సార్‌కు ఒక్క తప్పూ దొరకలేదన్నమాట?

హన్మకొండ_జువాలజీ

దొరికి ఉండాల్సింది ఒకటుంది, ఆయన పట్టుకోలేదు. సెరాటియస్ పిల్లగా ఉన్నప్పుడు బుడిపెలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పెరిగే కొద్దీ తగ్గిపోయి, బాగా పెద్ద ఆడవాటిలో వెతుక్కోవాల్సి వస్తుంది. ఇంత పెద్ద మగదాన్ని మోస్తున్న ఆడదానికి నిమ్మకాయలంత బుడిపెలు పెట్టారు. నేనైతే అక్కడ అర మార్కు కోసేదాన్ని.

ఇంకో చిన్న సంగతి. పొట్ట కింద జత రెక్కలు గానీ పెట్టారా? పెద్దయిన ఈ చేపలకు అవి ఉండవు.

పాకాల_గాలం

రెక్కలు పెట్టలేదు మేడం, థర్మాకోల్ అయిపోయింది కాబట్టి. మళ్లీ బద్ధకమే కాపాడింది.

నిన్న రాత్రి ఇద్దరం కూర్చున్నం. బిడ్డ బ్లేడు పట్టి బుడిపెలను కంది గింజంత దాకా చెక్కేసింది. కొత్త అట్టముక్క మీద "కుటుంబం: సెరాటిడే, ప్రజాతి: సెరాటియస్" అని రాసి, కింద చిన్న అక్షరాలతో "గాలం వెనక్కి లాగి వీపు చూడండి" అని రాసింది. మండల స్థాయిలో ఇంకో ఫెయిర్ ఉందట, తీసుకుపోతది.

మగ చేపను కొంచెం తోక వైపు జరుపుదామని చూసినం. ఎం-సీల్ గట్టిపడ్డది, ఊడిరాలేదు. గట్టిగా లాగితే పొట్ట ముక్క కూడా వచ్చేటట్టుంది. అట్లనే వదిలేసినం.